మూల మూయని జాలీ

షౌకత్ బీ ఆ పొద్దున నోరు మూసుకుని ఉంటే ఇంత లొల్లి జరిగేదే కాదు. కానీ కళ్ళు పోయిన దగ్గర్నుంచి ఆ ముసలమ్మకు మిగిలినవి వేళ్ళూ నోరూ. వేళ్ళకు తెలిసింది నోటికి చేరేలోపు ఆపేవాళ్ళు ఎవరూ లేరు. నోరా వీపుకు చేటు తేకే అంటారు గానీ, ఇక్కడ నోరు తల్లిది, వీపు కొడుకుది.

జహనుమా బస్తీలో వాళ్ళది తుపాకులు బాగుచేసే ఇల్లు. తాతల నాడు గద్వాల దిక్కు నుంచి వచ్చినవాళ్ళు, అందుకే ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ. వీధివైపు గది దుకాణం. దాని వెనక పరదా, పరదా వెనక ఆడవాళ్ళు. ఒకప్పుడు ఆ దుకాణంలో కొత్త తుపాకులు తయారయ్యేవి. తర్వాత సర్కారు తయారీని బందు చేసి మరమ్మతుకు మాత్రమే లైసెన్సు ఇచ్చింది. జర్మనీతో జంగ్ మొదలయ్యాక ఆ కట్టడి ఇంకా బిగిసింది. సర్కారు నంబరు లేని తుపాకీ ఇంట్లో దొరికితే జుర్మానా, దాన్ని చేసినవాడికైతే జైలే.

గురువారం పొద్దున పోలీసు అమీన్ సాబు ఒక జవానును వెంటబెట్టుకుని వచ్చి దుకాణం గడప మీద కూర్చున్నాడు. జవాను చేతిలో గోనెగుడ్డ చుట్టిన దోనాలీ ఉంది. దోనాలీ అంటే జోడు గొట్టాల తుపాకీ. అరబ్బులుండే బస్తీ బార్కస్‌లో సాలెం బిన్ అవద్ అనే అతని ఇంట్లో దొరికిందట. అరబ్బు దేశపు రేవు ముకల్లాకు పోయినప్పుడు అక్కడి బజార్లో కొన్నాననీ, ఖర్జూరం చాపల్లో చుట్టి ఓడ మీద బొంబాయికి, అక్కడి నుంచి రైల్లో ఇక్కడికి తెచ్చాననీ సాలెం ఒప్పుకున్నాడు. దొంగతనంగా తెచ్చానని ఒప్పుకున్నా అమీన్ నమ్మలేదు.

"పేరు లేదు, మొహరు లేదు, నంబరు లేదు," అన్నాడు అమీన్. "సముద్రం అవతల కొన్న అంటే మనం పోయి అడిగేదున్నదా? గీ కుందా మీద గీతలు చూడు ఖదీర్. చార్‌కమాన్ దిక్కు ఇద్దరు తుపాకులోళ్ళకు చూపిచ్చిన. ఇద్దరూ జహనుమా ఇంటి పని లెక్కున్నదన్నరు. నువ్వేమంటవ్?"

ఖదీర్ షౌకత్ బీ చిన్నకొడుకు. దుకాణం ఇప్పుడు అతనిదే. తుపాకీని ఒళ్ళో పెట్టుకుని గొట్టాల్లోకి చూశాడు, వెనక మీటల్లాంటి ఘోడాలు ఎత్తి దించాడు. "మస్తు పనిమంతుడు చేసిండు సాబ్. మాది మాత్రం గాదు. మా బాపు కాలంల గూడ ఒంటి గొట్టమే చేసిన్రు, దోనాలీ ఎన్నడు చెయ్యలె." భుజానికి ఆనించే కర్ర భాగాన్ని, అదే కుందాను, తిప్పి చూసి కొంచెం తటపటాయించాడు. "జాలీ అయితే మా ఇంటి తీరుగనే ఉన్నది. నాకు గంత తెల్వది. మగోళ్ళం ఇనుము పట్టుకుంటం, కర్ర ఆడోళ్ళది. అమ్మీకి ఇస్త. ఆమె వేళ్ళు అబద్ధం చెప్పయి."

ఆ ఇంటి ఆచారం అలాంటిది. పట్టుకున్న చెయ్యి జారకుండా కుందా మీద సన్నని గీతలు ఏటవాలుగా అటూ ఇటూ కోసి వల అల్లినట్టు చేస్తారు, దాని పేరే జాలీ. ఇనుము పని ఉస్తాదుది, జాలీ ఉస్తాదు పెళ్లానిది. అత్త దాన్ని పెద్దకోడలికి నేర్పుతుంది. కూతుళ్ళకు నేర్పరు, ఇంకో ఇంటికి పట్టుకుపోతారని. చిన్నకోడలికి నేర్పరు, పంపకాలప్పుడు పేచీ పెడుతుందని. పనివాళ్ళకు చూపించను కూడా చూపించరు. షౌకత్ బీ తర్వాత ఆ ఇంట్లో జాలీ కోసే ఆకురాయి పట్టింది పెద్దకోడలు వజీరున్నీసా ఒక్కతే.

వజీరున్నీసా అప్పుడు అత్త పక్కన కూర్చుని బియ్యం ఏరుతోంది. పరదా సందులోంచి ఖదీర్ తుపాకీని అందించాడు. షౌకత్ బీ దాన్ని ఒళ్ళో వేసుకుని జాలీ మీద మెల్లగా వేళ్ళు పోనిచ్చింది. బొటనవేలు ఆనే మూల దగ్గరికి వచ్చేసరికి ముసలమ్మకు నవ్వాగలేదు.

"ఏమే వజీరా, ఇన్నేండ్లకు మళ్ల మూల మూయ మరిసినవా? పెండ్లయిన కొత్తల గిట్లనే చేస్తివి. దొడ్డి తలుపు తెరిసి పెట్టినవ్, మేకలన్ని పోతయని నేను తిడితి. యాదికున్నదా?"

గొంతు తగ్గించి మాట్లాడడం ఆమె ఎన్నడూ ఎరగదు. పరదా మనుషులను దాస్తుంది గానీ మాటను దాయదు. అవతల అమీన్ లేచి నిలబడ్డ చప్పుడు వినబడింది.

"బస్. పెద్దామె చెప్పింది, ఇంకెవరిని అడిగేది లేదు. నడువు ఖదీర్."

"సాబ్, నేను చెయ్యలె. చూడుండ్రి, అది పాతది."

"పాతదాని లెక్క చేసుడు నీకు రాదా? పాత తుపాకులతోనే గద నీ బతుకు. చేసి అరబ్బుకు అమ్మినవ్, దొరికితే ముకల్లా పేరు చెప్పుమన్నవ్. రేపు జుమ్మా, కచ్చేరీ బంద్. ఎల్లుండి పొద్దున అదాలత్‌కు తోలుతా. చెప్పుకునేది ఆడ చెప్పుకో."

ఖదీర్ ఏదో అంటూనే ఉన్నాడు. వజీరున్నీసాకు ఆ మాటలు సగమే చెవిన పడ్డాయి. తిరిగి ఇవ్వడానికని అత్త ఒళ్ళోంచి తుపాకీ తీసుకున్న ఆమె, దాన్ని పెరటి తలుపులోంచి పడుతున్న ఎండకు ఎదురుగా పట్టుకుని అలాగే ఉండిపోయింది.

మూల నిజంగానే తెరిచి ఉంది. చివరి రెండు గీతలు కలవకుండా ఆగిపోయాయి. అది ఆమె తప్పే, పెళ్లయిన కొత్తలో చేసింది. జాలీ నేర్చుకుంటూ మొదట కోసిన కుందా మీద మూల మూయడం మరిచింది. అత్త తిట్టింది. భర్త అజ్మత్ అలీ మాత్రం నవ్వి, ఆ ఒంటి గొట్టం తుపాకీని అమ్మకుండా తనకే ఉంచుకున్నాడు. ఆ తర్వాత ఆమె చేతిలోంచి పోయిన ఏ కుందాకూ మూల తెరిచి లేదు. తెరిచి ఉన్నది లోకం మొత్తం మీద ఒక్కటే, దాన్ని అజ్మత్ అలీ తన వెంట తీసుకుపోయాడు. ముకల్లాకే.

తప్పు తనదే, చెయ్యి మాత్రం తనది కాదు. కుడిచేత్తో కోసిన గీతకు ఒక అంచు నిటారుగా, ఒక అంచు వాలుగా వస్తుంది. ఇక్కడ అవి తారుమారుగా ఉన్నాయి. నూనె తాగి అరిగిన కర్రలో ఆ తేడా వెలుగుకు పెట్టిన కళ్ళకు తెలుస్తుంది గానీ ముసలి వేళ్ళకు అందదు. ఎవరో ఎడమచేతి వాటం మనిషి, ఆ ఒంటి గొట్టం తుపాకీని ఎదురుగా పెట్టుకుని, తప్పుతో సహా ఉన్నదున్నట్టు కోసింది. కోసింది అనే వజీరున్నీసా అనుకుంది. కోశాడు అని ఆమెకు ఒక్క క్షణం కూడా తోచలేదు. జాలీ కోసేది ఉస్తాదు పెళ్లాం.

పరదా సందులోంచి జవాను చెయ్యి చాపాడు. ఆమె తుపాకీ ఇచ్చేసింది. ఖదీర్‌ను తీసుకుపోయారు.

ఆ ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగలేదు. షౌకత్ బీ తన నోటి మీద తానే కొట్టుకుంది. "నా నాలుక పడిపోను. కడుపున పుట్టినోణ్ణి నేనే అప్పజెప్తి." ఖదీర్ భార్య సలీమాకు నెలలు నిండుతున్నాయి. గోడకు ఆనుకుని కూర్చుని, ఏడ్వడానికి కూడా భయపడుతూ కడుపు పట్టుకుంది. వజీరున్నీసా ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇద్దరి కళ్ళలోకి చూడలేకపోయింది.

అజ్మత్ అలీ ఊరు విడిచి పదిహేనేళ్ళు దాటింది. ముకల్లాలో తుపాకుల పనికి మనిషి కావాలంటే బార్కస్ పెద్దమనిషి ఒకాయన మాట ఇచ్చి తీసుకుపోయాడు. ఏడాదిలో వస్తానని అజ్మత్ అలీ చెప్పిపోయాడు. మొదట్లో వచ్చేపోయే అరబ్బుల చేత కబురు, బట్ట, ఖర్జూరం వచ్చేవి. తర్వాత అవి ఆగిపోయాయి. ఓడ మునిగిందని ఒకరు, జ్వరంతో పోయాడని ఒకరు అన్నారు. చచ్చినవాళ్ళకు చదివే ఫాతెహా చదివించమన్నవాళ్ళను షౌకత్ బీ గుమ్మంలోనే తిట్టి పంపింది. వజీరున్నీసా నల్లపూసలు తీయలేదు. గల్లీలో కొత్తకోడలు వస్తే అత్తలు తీసుకొచ్చి ఈమెకు సలాం చేయించేవాళ్ళు, మొగుని కోసం ఎట్లా ఎదురుచూడాలో ఈమెను చూసి నేర్చుకొమ్మని. మగదిక్కు లేని, పిల్లలు లేని ఆడదానికి గల్లీ ఇచ్చిన గౌరవం అది ఒక్కటే. ఆమె దాన్ని భద్రంగా కాపాడుకుంది.

ఇప్పుడు నోరు తెరిస్తే మరిది ఇంటికి వస్తాడు, ఆ గౌరవం పోతుంది. ఎదురుచూసిన ఆడది కాస్తా మొగుడు వదిలేసిన ఆడది అవుతుంది. నోరు తెరవకపోతే ఖదీర్ జైలుకు పోతాడు, దుకాణానికి తాళం పడుతుంది, సలీమా కడుపులో బిడ్డ తండ్రి మొహం చూడకుండా పెరుగుతాడు. తూకం వేస్తే ఎటు మొగ్గాలో పసివాడికైనా తెలుస్తుంది. తెలిసీ ఆమెకు నోరు రాలేదు. ఒక మాట మాత్రం మనసులో పదే పదే మెదిలింది. చచ్చిపోయాడని తెలిసినా ఇంత మండేది కాదు. ఆ మాట తనదేనని తెలిసి ఆమె భయపడింది, గబగబా అల్లాను తలచుకుంది.

జుమ్మా నమాజు అయ్యాక సాలెం బిన్ అవద్ వచ్చాడు. అతనికి జమానత్ దొరికింది, పూచీ మీద వదిలారు. పరదా అవతల నిలబడి షౌకత్ బీకి సలాం చేసి తల వంచుకున్నాడు.

"నా వల్ల మీకింత తక్లీఫ్ అయింది అమ్మా. నేను నిజమే చెప్పిన. ముకల్లల కొన్న అని ఖురాన్ మీద చెయ్యి వెయ్యమన్నా వేస్త."

వజీరున్నీసా పరదా దగ్గరికి జరిగింది. "భాయ్, మీకు అమ్మినోడు అది ఎవరి పని అని చెప్పిండా?"

"పేరు చెప్పలె ఆపా. హిందీ ఉస్తాద్, అంటే మన దేశపోడు, గాయన పని గట్టిగుంటది అన్నడు. గంతే. అమీన్‌కు గదే చెప్తే నవ్విండు. హిందీ ఉస్తాద్ అంటే జహనుమల ఉన్నోడే గద అన్నడు."

"మీరు ఆ ఉస్తాద్‌ను చూసిన్రా?"

"లేదు. నేను దుకాణంల కొని వచ్చేసిన. ఎందుకు ఆపా?"

"ఊరికెనే అడిగిన," అంది వజీరున్నీసా.

ఆమె వెనక్కి తిరిగేసరికి సలీమా తననే చూస్తోంది. చిన్నకోడలు జాలీ కొయ్యదు గానీ తెలివితక్కువది కాదు. హిందీ ఉస్తాద్ అన్న మాట ఆమె చెవిన పడింది. ఏదో తెలిసీ ఈమె దాస్తోందని ఆమెకు అర్థమైంది. తెరిచిన పెదవులు మళ్ళీ మూసుకుంది. కాళ్ళ మీద పడి ఏడ్చినా వజీరున్నీసా తట్టుకునేదేమో, అడగకుండా ఉండడమే తట్టుకోలేకపోయింది. సాయంత్రం సలీమా అలవాటు ప్రకారం ఖదీర్ కంచం కూడా కడిగి బోర్లించింది. బోర్లించాక గుర్తొచ్చి దాన్ని పక్కకు పెట్టింది.

శనివారం తెల్లవారగానే వజీరున్నీసా బురఖా వేసుకుంది. తన ఆకురాయి, మరమ్మతుకు వచ్చి సగంలో ఉన్న ఒక కుందా గుడ్డలో చుట్టుకుంది. అత్తతో దర్గాకు పోయి వస్తానని చెప్పింది. ఆ ఇంటికి వచ్చాక అత్తతో ఆడిన మొదటి అబద్ధం అదే కావచ్చు. సలీమా జట్కా మాట్లాడి ఉంచింది. ఎక్కడికని ఆమె అడగలేదు, ఈమె చెప్పలేదు.

ఠాణాలో ఆడమనిషిని చూసి జవాన్లు పక్కకు తప్పుకున్నారు. ఖదీర్‌ను అదాలత్‌కు తీసుకుపోవడానికి బయటికి తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టారు. వదినను చూసి అతను లేచాడు. "భాభీ, గిక్కడికెందుకొచ్చిన్రు? ఇంటికి పోండి."

ఆమె అతని వైపు చూడకుండా అమీన్ ఎదుటికి పోయి నిలబడింది. చేతిలోని గుడ్డ మూట బల్ల మీద పెట్టింది.

"గా జాలీ నేను కొయ్యలె అమీన్ సాబ్."

"మీ అత్తనే చెప్పె గద బీబీ, మీరే కోసిన్రని."

"మూల చూసి చెప్పింది. ఆమెకు కండ్లు లెవ్వు. మూల తప్పు నాదే, చెయ్యి నాది గాదు. గా తుపాకీ తెప్పియ్యుండ్రి, చూపిస్త."

అమీన్ చెడ్డవాడు కాదు, తొందరపాటు మనిషి అంతే. దోనాలీ తెప్పించి బల్ల మీద పెట్టించాడు. వజీరున్నీసా తను తెచ్చిన కుందాను దాని పక్కన పెట్టుకుని, అందరూ చూస్తుండగా నాలుగు గీతలు కోసింది. తర్వాత రెండింటినీ కిటికీ దగ్గర ఎండకు పట్టుకుని, నిటారు అంచు ఎటు, వాలు అంచు ఎటు అని వేలితో చూపించింది. అమీన్ కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు. నమ్మీ నమ్మనట్టు ఆకురాయిని ఖదీర్ చేతికిచ్చి కొయ్యమన్నాడు. కుడిచేత్తో కోయించాడు, ఎడమచేత్తో కోయించాడు. ఇనుము మీద అంత బాగా తిరిగే ఖదీర్ చెయ్యి కర్ర మీద కోడి గెలికినట్టు గెలికింది. జవాను ఒకడు నవ్వాపుకున్నాడు.

"సరే బీబీ, మీరు గాదు, ఖదీర్ గాదు. గీ షహర్ల ఇంకెవలన్న మీ జాలీ చూసి కోసిండొచ్చు. కోయించింది ఖదీరే గావచ్చు. మీ పని చాన ఇండ్లల్ల ఉన్నది."

"మా పని చూసి కోస్తే మూల మూసి ఉండాలె సాబ్. మా ఇంటి నుంచి పోయిన ఏ తుపాకీకైనా మూల మూసే ఉంటది. మీరు చార్‌కమాన్‌ల అడుగుండ్రి, తెప్పిచ్చి చూడుండ్రి. తెరిచి ఉన్నది ఒక్కటే. దాన్ని మేం అమ్మలె. గది ఇక్కడ లేదు."

"యాడున్నది?"

"మా ఆయన తీస్కపోయిండు. అజ్మత్ అలీ. ముకల్లాకు."

అరుగు మీద ఖదీర్ తలెత్తాడు. అమీన్ కుర్చీలో ముందుకు వంగాడు. "అంటే గీ దోనాలీ మీ ఆయన చేసిండంటరు."

"ఇనుము ఆయనదే."

"మరి జాలీ గూడ ఆయనే కోసుకున్నడేమో. ఎడమచేత్తోని."

"ఆయనది కుడి చెయ్యి. చేతనైనా కొయ్యడు. మా ఇంట్ల మగోళ్ళు కొయ్యరు. బయటోళ్ళతోని కోయించరు."

"మరి ఎవలు కోసిన్రు?"

ఆ ప్రశ్న వస్తుందని ఆమెకు గురువారం నుంచీ తెలుసు. జవాబు కూడా తెలుసు. దారిపొడవునా జట్కాలో ఆ జవాబును మెల్లగా, నెమ్మదిగా, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాలని అనుకుంటూనే వచ్చింది. తీరా అడిగేసరికి బల్ల మీది ఆకురాయిని తీసి గుడ్డలో చుట్టి ముడి వేసింది.

"మా ఇంట్ల జాలీ కోసేది పెండ్లాం, సాబ్. ఆయనకు ఆడ ఇంకొక పెండ్లామున్నది. ఎడమచేతి వాటం పిల్ల. నేను కోసింది ముందల పెట్టుకొని నేర్చుకున్నది. నా తప్పు తప్పని తెల్వక గట్లనే కోసింది."

ఖదీర్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. జవాన్లు ఎటో చూశారు. అమీన్ కాసేపు దోనాలీని అటూ ఇటూ తిప్పాడు. చూడ్డానికి దానిలో ఇంకేమీ మిగల్లేదని అతనికీ తెలుసు.

"రాయాల్నా బీబీ?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "రాస్తే పదిమంది చదువుతరు."

"రాయుండ్రి. రాయకుంటే మా మరిది ఇంటికి రాడు గద."

రాశారు. మాట మాటా చదివి వినిపించి, ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నారు. తుపాకీని సర్కారు జప్తు చేసింది. దొంగచాటుగా తెచ్చినందుకు సాలెంకు జుర్మానా వేశారు. ఖదీర్‌ను వదిలేశారు. జట్కాలో అతను వదినకు ఎదురుగా కూర్చున్నాడు. దిగేటప్పుడు, చిన్నప్పుడు చేసినట్టు, వంగి ఆమె పాదాలు తాకబోయాడు. ఆమె కసిరింది.

ఇంట్లో ఎవరు చెప్పాలన్న ఫికర్ పడాల్సిన పనే లేకుండా పోయింది. ఖదీర్ గొంతు వినగానే షౌకత్ బీ గోడ పట్టుకుని లేచి వచ్చి అతని మొహమంతా తడిమి, ఎట్లా వదిలారని అడిగింది. అతను వదిన వైపు చూశాడు. వజీరున్నీసాయే చెప్పింది. తుపాకీ అజ్మత్ అలీ చేసినదేనని చెప్పింది. ముకల్లాలో ఉన్నాడని చెప్పింది. మిగిలింది చెప్పబోయేలోపే ముసలమ్మ నుదురు నేలకు ఆనించి సజ్దాలో పడిపోయింది.

"బతికుండు. నా బిడ్డ బతికుండు. చచ్చిండన్న నోళ్ళల్ల మన్నువడ. నేను చెప్పలేదా?"

కొడుకు బతికి ఉన్నాడని తెలిసిన తల్లిని ఏ నోటితో ఆపుతారు? గడియలో గల్లీ ఆడవాళ్ళంతా వచ్చేశారు. షౌకత్ బీ సేమ్యా వండించింది. వచ్చినవాళ్ళంతా ముందు ఆమెకు, తర్వాత వజీరున్నీసాకు ముబారక్ చెప్పారు. నీ సబర్, నీ ఓర్పు ఊరికే పోలేదమ్మా అని చేతులు పట్టుకున్నారు. ఆమె అందరికీ సలాం చేసింది, సేమ్యా వడ్డించింది. ఠాణాలో రాసింది గల్లీకి చేరడానికి ఎంతోసేపు పట్టదు. చేరింది కూడా. మర్నాటికల్లా ముబారక్ చెప్పిన చేతులే నోటికి అడ్డం పెట్టుకుని గుసగుసలాడాయి. కొత్తకోడళ్ళను సలాంకు తీసుకురావడం ఆగిపోయింది.

షౌకత్ బీకి ముకల్లా పెళ్లాం సంగతి ఎవరు చెప్పారో తెలియదు. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి అడిగింది. "వజీరా, గా పిల్ల చెయ్యి ఎట్లున్నదే? నాకు మూలకాడనే నవ్వొచ్చింది, మిగిలింది సరిగ తడమనే లేదు."

అబద్ధం ఆడొచ్చు. వంకర చెయ్యి అనొచ్చు. వజీరున్నీసాకు కాస్త కోపంగానే ఉంది. అయినా పని సంగతి వచ్చేసరికి ఆమెకు అబద్ధం చేతకాలేదు. "సాపుగున్నది అమ్మీ. ఒక్క గీత వంకర పోలేదు."

ముసలమ్మ ఊఁ అంది.

రంజాన్ పండగ దాటాక సాలెం మళ్ళీ ముకల్లా ప్రయాణం పెట్టుకున్నాడు. పోయేముందు కబురు తీసుకుపోవడానికి వచ్చాడు. ఈసారి హిందీ ఉస్తాద్‌ను వెతికి, ఎదుట నిలబడి మాట్లాడి వస్తానన్నాడు. షౌకత్ బీ పరదా పక్కన కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి చెప్పింది. కళ్ళు పోయాయని చెప్పమంది. ఖదీర్‌కు కొడుకు పుట్టాడని చెప్పమంది. ఒక్కసారి వచ్చి మొహం తడమనిచ్చి పొమ్మంది, పెళ్ళాం పిల్లలుంటే వాళ్ళనూ తెమ్మంది. ఆ మాట అంటూనే నాలుక కరుచుకుని, కోడలు ఎక్కడుందోనని చెవి రిక్కించింది.

వజీరున్నీసా అక్కడే ఉంది, సలీమా కొడుకును భుజాన వేసుకుని.

"మీరేమన్న చెప్తరా ఆపా?" అన్నాడు సాలెం పరదా అవతలి నుంచి.

పదిహేనేళ్ళుగా ఆమె మనసులో అజ్మత్ అలీతో మాట్లాడుతూనే ఉంది. పొయ్యి దగ్గర మాట్లాడింది, కుందా ముందు మాట్లాడింది. తిట్లు ఉన్నాయి, బతిమాలడాలు ఉన్నాయి, ఆయన మీద ప్రేమ కూడా ఇంకా ఉంది, ఉండకూడదనుకున్నా ఉంది. అన్నీ కలిపి ఎత్తితే ఓడ కూడా చాలదు. పిల్లవాణ్ణి సలీమాకు అందించి పరదా దగ్గరికి వచ్చింది.

"నా గురించి ఆయన అడిగితే, ఉన్నదని చెప్పుండ్రి భాయ్. అడగకుంటే నా పేరు తియ్యకుండ్రి."

పరదా అవతల సాలెం సరే అన్నాడు. సలాం చేసి పోయాడు. చెప్పుల చప్పుడు గల్లీ మలుపుదాకా వినబడింది. షౌకత్ బీ చెయ్యి చాపి కోడలి కోసం గాలిలో వెతికింది. దొరికాక గట్టిగా పట్టుకుంది.

"అడుగుతడు బిడ్డా," అంది.

ఆ ముసలి నోరు ఎన్నడూ ఒక్క మాట కూడా అంత మెల్లగా అనలేదు. వజీరున్నీసా చేతిని వెనక్కి తీసుకోలేదు.